ఆ బండని కిందికి దించుదాం



ఉగాది దగ్గరికొస్తా ఉంది. ఎప్పటి మాదిరే హొసతొడకు దినం మన కట్ట ముందర ఆటలు పెట్టాలని పోయిన ఆదివారం మీటింగులో అనుకున్నాం. పులిమేక, చౌకాబార, వామనగుంటలు, దాడి, నాలుగూ ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. తేలనిది ఒకటే. ఆట గీతలు దేని మీద ఉండాల? పోయినేడు మాదిరి ఫ్లెక్స్ కొట్టిద్దామని కొందరు అన్నారు. ఈ తూరి మందంగా ఉండే వినైల్ షీటు తెప్పిద్దామని ఇంకొందరు. కట్టకి ఎట్లాగూ కొత్త టైల్స్ వేస్తా ఉన్నాం, వాటి మీదనే పెయింటుతో గీయిద్దాం, శాశ్వతంగా ఉంటాయి అని మరికొందరు. అంతలో కాఫీ వచ్చింది, మీటింగు ముగిసింది. మేము చెప్పాలనుకున్నది చెప్పలేకపోయాం. అందుకే ఇక్కడ రాస్తా ఉన్నాం. కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి.

గీతలే కదా, దీనికింత రాయాలా అని కొందరికి అనిపించొచ్చు. పోయినేడు మేమూ అట్లే అనుకున్నాం. ఆ ఫ్లెక్స్ వేయించిన వాళ్ళలో మేమూ ఉన్నాం. సైజు ఇచ్చింది మేమే, అంగడికి పోయి తెచ్చింది మేమే. కాబట్టి ఇప్పుడు చెప్పేది ఎవరినో తప్పు పట్టడానికి కాదు. మా తప్పుని మేమే లెక్క రాసుకోవడం. ముప్పై ఏండ్లకి పైగా రైల్వేలో లెక్కలు రాసిన చెయ్యి ఊరికే ఉండదు.

ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. మొదట గాలి. మూలలు లేచి కొట్టుకుంటా ఉంటే నాలుగు పక్కలా రాళ్ళు పెట్టాం. పదకొండు గంటలకి ఎండ పడింది. ఫ్లెక్స్ మెరుపుకి గీతలు కనపడలేదు, కూర్చున్న పిలకాయలకి కాళ్ళు కాలినాయి. చుట్టి తెచ్చినందుకు మధ్యలో ముడత లేచింది. ఆ ముడత మీద గవ్వ పడి పక్కకి నిలబడింది. అది బోర్లానా వెల్లకిలానా అని అరగంట పంచాయితీ. వామనగుంటల కత ఇంకా బాగుంది. ఫ్లెక్స్ మీద పద్నాలుగు గుండ్రాలు అచ్చేయించాం. గుండ్రం బొమ్మ గుంట ఎట్లా అవుతుంది? చింతగింజలు పోస్తే అన్నీ దొర్లుకుంటా పోయినాయి. ఒక పెద్దామె నవ్వి, "గుంట లేని వామనగుంటలు మీ సంఘంలోనే చూసినాను నాయనా" అనింది. లేచిపోయి పక్కన మట్టిలో చేత్తోనే గుంటలు తీసి ఆడుకునింది. ఆమె చుట్టూ చేరిన ఆడపిల్లలు మళ్ళా ఫ్లెక్స్ తావకి రానే లేదు.

ఆ దినం అయినాక ఫ్లెక్సులు చుట్టి స్టోర్ రూములో పెట్టాం. ఈ నెల తీసి చూస్తే చుట్టిన తావల్లా రంగు పగిలింది. ఏడాదంతా వాటిని ఒక్కరు కూడా అడగలేదు. ఎందుకు అడగలేదు అని మేము చానా దినాలు ఆలోచించాం. జవాబు మాకు సంక్రాంతికి దొరికింది, అది కూడా మనవడి దగ్గర.

మా కూతురి కొడుకు బెంగుళూరులో కాలేజీ చదువుతా ఉన్నాడు. పండగకి వచ్చేటప్పుడు ఒక పొడుగు గొట్టం తెచ్చినాడు. దాంట్లోనుంచి ఒక షీటు తీసి నడవలో పరిచినాడు. దాని నిండా అంగుళం అంగుళం గడులు.

"ఏంరా ఇది, చౌకాబారనా?" అని అడిగాం.

"కాదు తాతా, డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఇది బ్యాటిల్ మ్యాప్."

మనలో చానా మందికి ఈ ఆట తెలీదు కాబట్టి చెప్తా ఉన్నాం. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తెచ్చినారు. ఒకరు కత చెప్తా ఉంటారు. తక్కిన నలుగురైదుగురు ఆ కతలో మనుషులు. ఒకడు యోధుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ. ఏం చేస్తారో నోటితో చెప్తారు, అది కుదిరిందా లేదా అనేది పాచికలు తేలుస్తాయి. సగం మన తోలుబొమ్మలాట, సగం మన పాచికలాట మాదిరి. కతలో కొట్లాట వచ్చినప్పుడు ఎవరు యాడ నిలబడినారో తెలియాల కదా, దానికీ షీటు. షీటు మీద ఒక అంగుళం గడి అంటే కతలో ఐదు అడుగులు.

వాడు ఈ షీటు కోసం రెండేండ్లు తిప్పలు పడినాడంట. మొదట రంగుల బొమ్మలు అచ్చేసిన మ్యాపు కొన్నాడు. గుహ, నది, వంతెన, అన్నీ ఉన్నాయి, చూసేదానికి బ్రహ్మాండం. ఒక్క తూరి ఆడినారు. రెండో వారం కతలో ఊరు వచ్చింది, మ్యాపులో గుహే ఉంది. ఆ తర్వాత ఈ గడుల వినైల్ షీటు. దీని మీద నీళ్ళతో చెరిగే పెన్నుతో గీసుకోవచ్చు, తుడుచుకోవచ్చు. ఒక స్నేహితుడు తెలియక వైట్ బోర్డు పెన్నుతో గీసినాడు, ఆ మరక పోలేదు. ఎర్ర ఇంకు ఒక వారం తుడవకుండా పెట్టినారు, అదీ పట్టుకునేసింది. ఇప్పుడు షీటు తేవడం మరిచిపోతే కాగితం పరిచి గడులు గీసుకుంటారంట. ఏమీ లేకపోతే నోటిమాటతోనే ఆడతారంట.

"మరి అన్నిట్లో ఏది మంచిది?" అన్నాం.

వాడు చెప్పిన మాట మాకు తలలో నిలిచింది. "అచ్చేసిన బొమ్మ మీద ఆడితే అందరూ దాంట్లో ఉన్నదే చూస్తారు తాతా. మేమే గీసుకుంటే ఎవడో ఒకడు, ఇక్కడ బావి ఉందా అని అడుగుతాడు. ఉంది అనుకుంటే అక్కడికక్కడ బావి గీస్తాం. అప్పట్నుంచి ఆ బావి వాడిది."

మా ఫ్లెక్స్ ఏడాదంతా స్టోర్ రూములో ఎందుకు పడి ఉందో మాకప్పుడు తెలిసింది. అది ఎవరిదీ కాదు. ఎవరూ గీయలేదు, కాబట్టి ఎవరూ అడగలేదు.

వాడే ఇంకొక సంగతి చెప్పినాడు, తర్వాత మేము కూడా చదివి తెలుసుకున్నాం. ఈ రకం ఆటలకి మూలం రెండు వందల ఏండ్ల కిందట ప్రష్యాలో ఉంది. ఇప్పటి జర్మనీ పక్క. రైస్విట్జ్ అనే ఆయన యుద్ధం నేర్చుకునేదానికి ఒక ఆట కనిపెట్టినాడు. మొదట ఇసకలో ఆడించినాడు. రాజుగారు చూస్తారనగానే ఇసక బాగుండదని చెప్పి, సొరుగులు ఉండే పెద్ద బల్ల చేయించి, కొండలు నదులు చేసిన బిళ్ళలు దాని మీద అమర్చి 1812లో రాజుకిచ్చినాడు. అది రాజు ఇంట్లోనే ఉండిపోయింది. అట్లాంటి బల్ల ఇంకొకరు యాడ చేయించుకుంటారు? ఆయన కొడుకు సైన్యంలో ఆఫీసరు. ఆయన 1824లో అదే ఆటని మామూలు కాగితం మ్యాపుల మీదకి తెచ్చినాడు. కాగితం మ్యాపు ప్రతి దండులోనూ ఉంటుంది. ఆట ప్రష్యా సైన్యమంతా పాకింది, తర్వాత వేరే దేశాలకీ పోయింది. నాయన బల్ల మీద పెట్టింది రాజుకి, కొడుకు కాగితం మీద పెట్టింది అందరికీ. ఆట దేని మీద ఉంటుందో, దాని చుట్టూ ఎవరు కూర్చుంటారో అదే తేలుస్తుంది.

ఇంక మన ఆటలకి వద్దాం. మాకు తెలిసినంత వరకు ఒక్కొక్క నేల గుణం చెప్తాం.

మట్టి నేల. వామనగుంటలకి దీన్ని మించింది లేదు. ఏడు గుంటలు ఒక పక్క, ఏడు ఇంకొక పక్క, పిడికిలి పట్టేంత లోతు. వాన వస్తే పోతుంది, మళ్ళా తీసుకోవచ్చు. మట్టి కుదరకపోతే గుంటలు తొలిచిన చెక్క. ఈ రెండూ కాకుండా మూడోది లేదు, ఫ్లెక్స్ అసలే కాదు.

బండ. చౌకాబారకి, పులిమేకకి ఇదే రాజు. బండకి కొంచెం గరుకు ఉంటుంది కాబట్టి గవ్వలు పడినచోట నిలబడతాయి, దొర్లిపోవు. సుద్దతో గానీ బొగ్గుతో గానీ గీస్తే పట్టుకుంటుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. చింతగింజని రెండుగా చీల్చి, ఒక పక్క తెల్లగా అయ్యేదాకా అరగదీసి గవ్వలకి బదులు వాడేవాళ్ళం గుర్తుందా? ఆ అరగదీసేది కూడా ఆ బండ మీదనే.

సిమెంటు గచ్చు. బండ అంత కాకపోయినా పరవాలేదు. సుద్ద పడుతుంది. ఎండలో కాలుతుంది కాబట్టి నీడ చూసుకోవాల.

టైల్స్. నునుపు. సుద్ద పట్టదు, బొగ్గు పట్టదు. గవ్వ ఎగిరి దొర్లి బల్ల కిందికి పోతుంది. పెయింటుతో గీస్తే గీతలు నిలుస్తాయి నిజమే, అయితే అప్పుడది పోయినేటి ఫ్లెక్స్ లెక్కే, ఒక తూరి ఒకరు గీసేసిన గీత. పిలకాయలకి గీసే పని ఉండదు.

గుడ్డ. మందంగా ఉండే కాన్వాసు గానీ పాత దుప్పటి గానీ. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు, ఉతుక్కోవచ్చు, ఏ ఇంటికైనా తీసుకుపోవచ్చు. పచ్చీసు ఆటని తరతరాలుగా కుట్టుపని చేసిన గుడ్డల మీదనే ఆడినారు. గాలి ఉన్నచోట మూలలకి బరువు పెట్టాల, అంతే.

చెక్క. పలక మీద నల్ల రంగు వేస్తే సుద్దతో ఏ ఆటైనా గీసుకోవచ్చు. బరువు, చెద భయం. కింద కూర్చోలేని వాళ్ళకి బల్ల ఎత్తున పెట్టేదానికి ఇదే మేలు.

ఫ్లెక్స్, వినైల్. చెప్పాల్సింది చెప్పేశాం. ఇంకొక మాట: 2016 మార్చిలోనే మన కర్ణాటక ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సుల్ని, బ్యానర్లని నిషేధించింది. అంగడాయన ఇస్తాడు, మనం తెస్తాం, అది వేరే సంగతి. సంఘం తరపున తెచ్చేటప్పుడు ఇది కూడా లెక్కలోకి రావాల.

ఇప్పుడు అసలు సంగతి. మన కట్టకి తూర్పు మూల ఒక బండ ఉంది. దాని మీద పులిమేక గీతలు ఉలితో చెక్కి ఉన్నాయి. ఎవరు చెక్కినారో మా తాతకే తెలీదు. గీతలు కలిసే తావులు ఇరవై మూడూ వేళ్ళు తగిలి తగిలి గుంటలు పడినాయి. టైల్స్ పని మొదలైతే ఆ బండ సిమెంటు కిందికి పోతుంది. మేస్త్రీని అడిగితే, "లెవల్ కుదరాల కదా సార్, కప్పేస్తాం" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఉంచమని మనం చెప్పలేదు.

హంపిలో గుళ్ళ మండపాల్లో, రాతి అరుగుల మీద ఇట్లాంటి ఆట గీతలు చానా ఉన్నాయి. ఎండకి నీడ చూసుకుని కూర్చున్న మామూలు మనుషులు చెక్కుకున్నవి. రాజుల శాసనాలు చదివేదానికి పండితులు కావాల, ఈ గీతలు చదివేదానికి నాలుగు గులకరాళ్ళు చాలు. మైసూరులో ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు ఎన్నో పలక ఆటలు తయారు చేయించినారు. ఈ దినాల్లో మైసూరులోనే రామ్‌సన్స్ కళా ప్రతిష్ఠానం వాళ్ళు పాత ఆటల పలకల్ని మళ్ళా చేయించి ప్రదర్శనలు పెడతా ఉన్నారు. బయట ఇంత జరుగుతా ఉంటే, మన తావ ఉన్న ఒక్క బండని మనమే కప్పేస్తా ఉన్నాం.

ఆ బండ మీద మాకు ఇంత ఆపేక్ష ఎందుకో కూడా చెప్పాల.

మా నాయనకి రైల్వేలో ఉద్యోగం. మేము పుట్టి పెరిగింది జోలార్‌పేట క్వార్టర్సులో. చదివింది పూర్తిగా తమిళ మీడియం. అక్కడ ఇంజన్ షెడ్డు పక్కన రాలిపడిన బొగ్గు ముక్కతో గచ్చు మీద గీసుకుని ఆడు పులి ఆట్టం ఆడేవాళ్ళం. ఎండాకాలం సెలవులకి హొసూరుకి, అవ్వ తావకి వచ్చేవాళ్ళం. ఇక్కడ పిలకాయలు మమ్మల్ని అరవోళ్ళు అని ఏడిపించేవాళ్ళు. తెలుగు మాట వచ్చు, యాస వేరే. తెలుగు అక్షరం రాదు, కన్నడ అక్షరం అసలే రాదు. అంగడి బోర్డు చదవలేం, బస్సు బోర్డు చదవలేం. జోలార్‌పేటలో తరగతిలో ముందు వరస, ఇక్కడ ఏమీ చదువుకోని వాళ్ళ లెక్క.

ఆ బండ దగ్గర మాత్రం మమ్మల్ని ఎవరూ అక్షరం అడగలేదు. మూడు పులులు, పదిహేను మేకలు. అవే గీతలు, అదే ఆట. మేము ఆడు పులి ఆట్టం అనేది వాళ్ళకి పులిమేక, కన్నడం ఇంటి పిలగాడికి హులి ఆట. గడిని మేము కట్టం అనేవాళ్ళం, ఇక్కడ ఇల్లు అన్నారు, అతను మనె అన్నాడు. మేకని పెట్టు, పులిని కట్టేయి, దాటుకో, చావు తప్పింది. మా తెలుగు సగం ఆ బండ మీదనే వచ్చింది. పెద్దయి గూడ్సు క్లర్కుగా చేరినాక కూడా, మధ్యాహ్నం హమాలీలు వ్యాగన్ల మీద నంబర్లు రాసే సుద్దముక్కతో షెడ్డు బండల మీద పులిమేక గీసేవాళ్ళు. ఒకరు తెలుగు, ఒకరు తమిళం, ఒకరు ఉర్దూ. ఆఫీసులో ఏ భాషలో రాయాల అని ఎన్నో గొడవలు చూశాం, ఆ గీతల దగ్గర ఒక్క గొడవ చూడలేదు. చూసినా అది పులి దొంగతనంగా దాటింది అనే గొడవే.

అందుకే, ఆట పలకల మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో పేర్లు, సంఘం పేరు, దాతల ఫోటోలు ఉండాలనే మాటకి కూడా మేము ఒప్పుకోం. మన పిలకాయలు బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతారు. వాళ్ళకి తెలుగు మిగిలేది నోట్లోనే. అచ్చేసిన అక్షరం వాళ్ళు చదవలేరు, చదవలేక సిగ్గుపడి పక్కకి పోతారు. ఆ సిగ్గు మాకు బాగా తెలుసు. పెద్దవాళ్ళు ఒకరు పక్కన కూర్చుని ఆడిస్తే మాటలు వాటంతట అవే వస్తాయి. పక్కింటి కన్నడం పిలగాడూ కూర్చుంటాడు. దాతల పేర్లు కావాలంటే పక్కన నల్లబోర్డు మీద రాద్దాం, మేమే రాస్తాం.

ఇంత దాకా చదివి, అయితే బండని అక్కడే అట్లే ఉంచమంటారా అని మీరు అడగొచ్చు. కాదు. ఇక్కడ మేము దాచుకోకుండా ఇంకొక మాట చెప్పాల.

ఆ కట్ట మీద అప్పట్లో అందరూ కూర్చునేవాళ్ళు కాదు. మా అవ్వ వామనగుంటల్లో ఊరికే మొనగత్తె, ఆమె కట్ట మీద ఒక్క దినం కూడా కూర్చోలేదు. ఆడవాళ్ళ ఆటలన్నీ ఇంటి నడవలో, పెరట్లో. ఊరి చివర వీధి పిలకాయలు కట్ట కింద నిలబడి మా ఆట చూసేవాళ్ళు. మేక యాడ పెట్టాలనో కింద నుంచే అరిచి చెప్పేవాళ్ళు, చానా తూర్లు వాళ్ళు చెప్పిందే కరెక్టు. వాళ్ళు పైకి ఎందుకు రాలేదో అప్పుడు మేము అడగలేదు. అడగాలని తోచలేదు. ఇప్పుడు తోస్తా ఉంది. మమ్మల్ని అక్షరం అడగని ఆ బండ, వాళ్ళని వీధి అడిగింది.

మీటింగులో ఒక తమ్ముడు అన్నాడు, "ఫ్లెక్స్ అయితే బడి మైదానంలో పరచొచ్చు, అందరూ వస్తారు, కట్ట మీద అయితే కొందరే వస్తారు" అని. ఫ్లెక్స్ తరపున చెప్పిన మాటల్లో ఇదే బలమైంది. దానికి మా దగ్గర ఎదురు మాట లేదు. ఆయన చెప్పిన కారణం సరైంది, మందే వేరే ఉంది.

కాబట్టి మా సలహాలు ఇవి.

ఒకటి. టైల్స్ పని మొదలయ్యే ముందే ఆ బండని పగలకుండా పెకలించి కిందికి దించుదాం. మన రోడ్డు పక్క వేపచెట్టు కింద, నేలకి సమంగా, నాలుగు పక్కలా మనుషులు కూర్చునేట్టు పాతుదాం. మెట్టు ఎక్కే పని ఉండకూడదు. కట్టకి టైల్స్ వేసుకోండి, మాకు అభ్యంతరం లేదు.

రెండు. హొసతొడకు దినం ఫ్లెక్స్ వద్దు. సుద్ద, బొగ్గు, ఎర్రమన్ను తెచ్చి పెడదాం. ప్రతి జట్టూ తమ పలక తామే గీసుకోవాల. చౌకాబారకి ఐదు ఇంటూ ఐదు, ఇరవై ఐదు ఇండ్లు, ఒక్కొక్క ఇల్లు మూడు నాలుగు అంగుళాలు. నాలుగు పక్కలా నడిమి ఇంటికి, మధ్య ఇంటికి ఇంటూ గుర్తు. దాడికి ఒకదాంట్లో ఒకటి మూడు చదరాలు, ఇరవై నాలుగు తావులు, ఒక్కొక్కరికి తొమ్మిది కాయలు. గీయడం రాని పిలకాయలకి పెద్దవాళ్ళు చూపించాల, చేతిలో సుద్ద లాక్కోకూడదు. గీత వంకర పోతే పోనీ. ఇంటికి పోయినాక వాళ్ళు మళ్ళా గీసుకుంటారు, మనకి కావాల్సింది అదే.

మూడు. ఫ్లెక్సుకి పెట్టే డబ్బుతో నాలుగు గుడ్డ పలకలు కుట్టిద్దాం. కుట్టుపని తెలిసిన మన సభ్యులే కుట్టొచ్చు, కూలి ఇద్దాం. వాటిని స్టోర్ రూములో పెట్టకూడదు. ఏ ఇంటికి కావాలంటే ఆ ఇంటికి వారం దినాలు ఇద్దాం. రిజిస్టరు మేము రాస్తాం. ఆ పని మాకు చేతనవును.

నాలుగు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి నల్ల రంగు వేసిన రెండు చెక్క పలకలు, బల్ల ఎత్తున. దీంట్లో మా స్వార్థం కూడా ఉంది, ఒప్పుకుంటాం.

ఐదు. వామనగుంటలు మట్టిలోనే. పోయినేడు మనల్ని చూసి నవ్విన పెద్దామెని ఈ తూరి మనమే పిలిచి, ఆమె చేత గుంటలు తీయిద్దాం. ఆమెకి ఒక చీర పెడితే ఇంకా బాగుంటుంది.

ఫ్లెక్స్ కావాలనే వాళ్ళ మాటలో కూడా నిజం ఉంది. దూరం నుంచి కనపడుతుంది, ఫోటోకి బాగుంటుంది, వచ్చిన పెద్దమనుషులకి గౌరవంగా ఉంటుంది. వైకుంఠపాళి మాదిరి పాములు నిచ్చెనలు బొమ్మలతో ఉండే ఆటకి అచ్చేసింది కావాల్సిందే, దానికి కాగితం చాలు. అయితే మనం ఫోటో కోసం ఆటలు పెడతా ఉన్నామా, ఆడేదానికి పెడతా ఉన్నామా అని ఒక తూరి అడుక్కోవాల. ఫోటో కోసమే అయితే ఫ్లెక్సే మేలు, మేము కూడా వచ్చి పక్కన నిలబడతాం.

మన హొసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు, బెంగుళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా పని చేసినవారు, ప్రశ్నించకుండా దేన్నీ ఒప్పుకోవద్దని జీవితమంతా చెప్పినారు. మేము చెప్పింది కూడా అట్లే ప్రశ్నించండి. బండ పెకలిస్తే పగులుతుందేమో, వేపచెట్టు కింద వాననీళ్ళు నిలుస్తాయేమో, గుడ్డ పలకలు తిరిగి రావేమో. ఇవన్నీ న్యాయమైన అనుమానాలే. రాళ్ళు కొట్టే పని తెలిసినవాళ్ళు మన సభ్యుల్లోనే ఉన్నారు, వాళ్ళు వచ్చి బండ చూసి ఒక మాట చెప్తే చాలు. వాళ్ళు పగులుతుంది అంటే దాన్ని కదిలించొద్దు, దాని చుట్టూ టైల్స్ ఆపేసి, కట్టకి ఆ మూల అందరూ కూర్చునేట్టు వెడల్పాటి మెట్లు కడదాం. ఏది చేసినా కప్పేయడం మాత్రం వద్దు.

వచ్చే ఆదివారం మీటింగుకి తప్పకుండా రండి. టైల్స్ వాళ్ళకి అడ్వాన్సు ఇచ్చేది సోమవారం. అంటే మనకి ఉండేది ఆ ఒక్క దినమే. మీటింగుకి వచ్చేటప్పుడు ఇంట్లో పిలకాయల్ని కూడా పిలుచుకు రండి. మేము ఒక సుద్దపెట్టె తెస్తాం. మీటింగు అయ్యేలోపల బయట వాళ్ళు ఏం గీస్తారో చూద్దాం.

రాతలో తప్పులుంటే మన్నించండి. తెలుగు అక్షరం మేము నలభై దాటినాక నేర్చుకున్నాం, ల ఉండాల్సిన చోట ళ, ళ ఉండాల్సిన చోట ల పడి ఉంటాయి. మాటలో తప్పుంటే మాత్రం మన్నించకండి, కింద రాయండి.